పుక్కిట పట్టిన మెలకువ

లేక, నిద్రపోతున్నప్పుడే ఆమె అంటే తనకు ఎక్కువ ఇష్టమేమో.

ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో తెలియక కేయూరుడు ఉప్పు కావడిని కుడి భుజం మీదినుంచి ఎడమ భుజానికి మార్చుకున్నాడు. బరువు చోటు మారితే ఆలోచన కూడా పక్కకు జరుగుతుందనుకున్నాడు. జరగలేదు. పద్దెనిమిది రోజులు అతను ఆ మంచం పక్కనే కూర్చున్నాడు. నిద్రలో మేఖల ముఖం చిన్నప్పటిదైపోయింది. పెదవి కొసన ఎప్పుడూ వేలాడే వెక్కిరింపు మాయమైంది. అతను ఏం చెప్పినా వింటున్నట్టే ఉండేది. మెలకువగా ఉన్న మేఖల ఎవరి మాటా చివరిదాకా వినదు. సగంలోనే అర్థమైపోయి, మిగతా సగం తానే పూర్తిచేసి నవ్వేస్తుంది.

వాళ్ళిద్దరూ కవలలు. నీలధార రాజ్యాన్నేలే తండ్రి, నగల మీద మోజుకొద్దీ కొడుక్కి భుజకీర్తి పేరూ, కూతురికి వడ్డాణం పేరూ పెట్టుకున్నాడు. మేఖల అర ఘడియ ముందు పుట్టింది. ఆ అర ఘడియ వల్ల సింహాసనం ఆమెదైంది. పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టిన రోజున, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చిన మేఖల మళ్ళీ లేవలేదు.

మందులేవీ పనిచేయకపోయాక, పద్దెనిమిదో రోజున రాజవైద్యుడు త్రిలోచనభట్టు ఆమె కనురెప్ప ఎత్తి చూసి వెనక్కి తగ్గాడు.

"ఇది నిద్ర కాదు కుమారా. అమ్మాయి మెలకువను ఎవరో దొంగిలించారు. ఇది మాంత్రికుడు జంబుకాక్షుడు తప్ప ఇంకొకడు చేయలేని పని. ఒకరి మెలకువను ఇంకొకరు ఇంట్లో దాచుకోలేరు. మనుషులు తిరగని ఎత్తుకు తీసుకుపోయి నీళ్ళలో కలపాలి. వలయగిరి శిఖరం మీద, బండలో నీళ్ళు నిలిచే దొన ఉంది. ఇరవై ఒకటో రోజు సూర్యాస్తమయం దాకా ఆ నీళ్ళు ఉంటాయి. తర్వాత ఇంకిపోతాయి. ఆ లోపల ముంచుకుని, తర్వాత తెచ్చి ఆమె కళ్ళ మీద చల్లినా సరే. లేకపోతే ఇక లేవదు."

ఈ రోజు ఇరవై ఒకటోది. ఉదయపు ఎండలో వలయగిరి, ఎవరో గుండ్రంగా చుట్టి పెట్టిన నీలిరంగు తలపాగాలా ఎదురుగా ఉంది. చుట్టు చుట్టుకీ మధ్య పొగమంచు అంచులు. చిట్టచివరి చుట్టు ఆకాశంలో కరిగిపోయి, కొండ ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. కేయూరుడు దాన్ని చూస్తూనే నడిచి, వెదురు తడికను తోసుకుని లోపల అడుగుపెట్టాడు.

"ఓయ్ ఉప్పోడా! ఎవురిదనుకున్యావు కొండ? మీ తాతదా?"

కేయూరుడు ఉలిక్కిపడ్డాడు. ఒకప్పుడు నిజంగానే అతని తాత దాన్ని తనదనుకుని రెండుసార్లు సేనను పంపాడు. రెండుసార్లూ సేన కొండ చుట్టూ తిరిగి తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి సిగ్గుపడింది. అప్పటినుంచి రాజుల మనుషులకు ఈ కొండ మీదికి దారి లేదు. అందుకే ఈ కావడి, ఈ మాసిన పంచె.

కంచె పక్కన పందిరి కింద ఒక ముసలమ్మ కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. ఆమె పేరు కాచమ్మ అనీ, కొండంతా ఆమె సొంతమనీ దారిలో విన్నాడు.

"పోనివ్వు అవ్వా. ఆ పక్క ఊళ్ళకు ఉప్పు తీసుకుపోవాలి."

"పో. నడిచేవాళ్ళను నేనెప్పుడు వద్దన్యాను? కానీ నా కట్టుబాట్లు నాకుండాయి. విను. ఎక్కిన దారిన దిగగూడదు. ఈ తూర్పు తడికలో పోయి, కొండను చుట్టుకోని, ఉత్తరపు తడికలో దిగల్ల. ఆడ నా తమ్ముడు గంగులప్ప ఉంటాడు. వానికి నీ పేరు చెప్పి పో. పేరు చెప్పనోని మీదికి కుక్కల్ని వదుల్తాడు. వాడు నా మాదిరి మంచోడు గాదు."

"సరే."

"చెట్టున ఏ పండైనా కడుపు నిండా తిను. మూటగట్టద్దు. చేతిలో గానీ, గుడ్డలో గానీ, కుండలో గానీ నా కొండ మీదిది ఏదీ కిందికి పోగూడదు."

"నీళ్ళు కూడానా?"

ముసలమ్మ అనపకాయ మీదినుంచి తలెత్తింది. "నీళ్ళయినా అంతే. పుక్కిట ఎంత పడితే అంత. ఎవురికి నాయనా నీళ్ళు?"

"మా అక్కకు. జబ్బుగా ఉంది."

అర ఘడియ పెద్దదాన్ని అక్క అని పిలవడానికి అతను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఒప్పుకోలేదు. ఆ మాట నోట్లో కొత్త పండులా తగిలింది. రెండు రోజుల ప్రయాణం. నీళ్ళు పుక్కిట ఉన్నంతసేపూ మాట్లాడకూడదు, మింగకూడదు, తుమ్మకూడదు. సరే, అనుకున్నాడు.

"అనుజ్ఞ ఇవ్వు అవ్వా, వెళ్ళొస్తాను."

"అనుజ్ఞంట! ఉప్పులో కర్పూరం కలిపి అమ్ముతావా ఏంది?" అని కాచమ్మ పకపకా నవ్వింది. అతను నాలుగడుగులు వేశాడో లేదో ఆ నవ్వు తెగిపోయింది. "తడిక! తడిక ఎవురు మూస్తారు? గొడ్లన్నీ చేలో పడితే మీ అక్కొచ్చి తోలతాదా?"

కేయూరుడు వెనక్కి తిరిగి చూశాడు. తడిక బార్లా తెరిచి ఉంది. దాన్ని తెరిచింది తానేనని గుర్తుంది. మూయాలన్న సంగతే తోచలేదు. వచ్చి, మోకును ఎలా తగిలించాలో తెలియక తికమకపడుతుంటే ముసలమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వు ఉప్పోడివి గాదు. గుడిసె ఉన్నోడు గూడా పోతా పోతా తలుపు దగ్గరికేస్తాడు. నువ్వు పుట్టినకాణ్నించీ ఒక్క తలుపన్నా మూసినోడివి గాదు. నీ యెనక ఎప్పుడూ ఎవురో ఒకరు మూస్తాన్నారు."

నిజమే. ఇరవై రెండేళ్ళలో అతను దాటిన ప్రతి తలుపునూ అతని వీపు వెనక ఎవరో మూశారు. ఆ చప్పుడు కూడా అతను వినలేదు.

"నువ్వెవురో నాకొద్దులే. అక్క అన్నావు చూడు, అది మాత్రం అబద్ధం గాదు. పో. దారిలో ఇంకా రెండు తడికలుండాయి. మూసి పో. మూసిన తడికలో నేను రమ్మన్నదే వస్తాది. తెరిచినదాంట్లో ఏమైనా దూరొచ్చు."

దారి కొండను కుడిచేతి వైపు ఉంచుకుని మెల్లగా పైకి తిరుగుతోంది. తూర్పు వాలంతా సీతాఫలం చెట్లు. కాలం కాని కాలంలో పండిన కాయలు కళ్ళు విచ్చుకుని తెల్లగా నవ్వుతున్నాయి. కేయూరుడు రెండు తిన్నాడు. మూడోది అలవాటుగా నడుముకు కట్టబోయి మళ్ళీ చెట్టు మొదట్లో పెట్టాడు. కింద లోయలో ఒక పల్లె కనిపించింది. ఒక మలుపు తిరిగాక అదే పల్లె మళ్ళీ కనిపించింది, కానీ ఈసారి ఇళ్ళన్నీ వీపు తిప్పుకుని కూర్చున్నట్టుంది. మూడో మలుపులో అది నీళ్ళలో పడిన బొమ్మలా వణికింది. ఒకే ఊరు మూడు ఊళ్ళయినప్పుడు, ఒకే మనిషి ఎంతమంది కావచ్చు? మేఖల లేచి కూర్చుంటే మొదట ఏమంటుంది? 'నువ్వా! నువ్వు తెచ్చావా!' అని ఆశ్చర్యపోతుందా? ఆ ఆశ్చర్యంలో మెప్పు ఎంత, వెక్కిరింపు ఎంత? ఈ లెక్క తేలకుండానే రెండో తడిక వచ్చింది. తోశాడు, దాటాడు, ఇంకా ఆలోచిస్తూనే నడిచాడు.

కొంతసేపటికి వెనక గిట్టల చప్పుడు వినిపించింది. నల్లటి మేకపోతు ఒకటి తల ఊపుకుంటూ వస్తోంది. కాచమ్మదేననుకున్నాడు. తోడు దొరికినందుకు ప్రాణం కొంచెం తేలికపడింది.

దక్షిణపు వైపు తిరగగానే, ఎండను ఎవరో మడిచి పెట్టెలో దాచినట్టు లోయంతా మసకబారింది. చెట్ల మానుల నిండా పచ్చటి నాచు. ఆకునుంచి ఆకుకు జారే నీటిబొట్లు, ఎక్కడో దూరంగా ఎవరో వీణ తీగలు సరిచూసుకుంటున్నట్టు చప్పుడు చేస్తున్నాయి. కాలికింద రాలిన ఆకులు పరుపులా మెత్తగా ఉన్నాయి. మడమ దగ్గర చల్లగా ఏదో అంటుకుంది. జలగ. పీకి పారేశాడు. పిక్క మీద ఇంకొకటి. వంగి చూస్తే, ఆకుల సందుల్లోంచి వేల జలగలు తలలెత్తి, అతని వాసన కోసం గాలిలో ఊగుతున్నాయి.

కేయూరుడు పరుగెత్తాడు. కావడి అటూ ఇటూ కొట్టుకుంటోంది. దారికి అడ్డంగా ఒక నల్లటి తాటిమాను పడి ఉంది. దాని మీదుగా దూకడానికి కాలెత్తేసరికి మాను ముడుచుకుంది! ఒక కొన గాలిలోకి లేచింది. కొన చివర గుండ్రటి నోరు విచ్చుకుంది. నోట్లో మూడు వరసల పళ్ళు. క్షణంలో అది అతని నడుమును చుట్టి పైకెత్తేసింది. అతను కావడిబద్దలో దాచిన కత్తి దూసి పొడిచాడు. తడి తోలులో దిగినట్టు కత్తి పిడిదాకా దిగి, తిరిగి రాలేదు. ఊపిరి బిగుసుకుపోతోంది. కళ్ళముందు పసుపుపచ్చ పువ్వులు. కావడి జారి ఒక బుట్ట బోర్లపడింది.

చుయ్యిమంది. ఉప్పు పడినచోట ఆ నల్లటి ఒళ్ళు పొంగి, నురగై, ముడతలు పడింది. పట్టు సడలింది. కేయూరుడు కింద పడుతూనే రెండో బుట్టను అందుకుని, తెరిచిన ఆ నోట్లోకి మొత్తం కుమ్మరించాడు. లోయ అంతా ఒక్కసారి మూలిగినట్టయింది. తాటిమానంత జలగ చూస్తుండగానే తాడులా సన్నబడి, నురగలో కలిసిపోతూ లోయలోకి జారిపోయింది, కత్తితో సహా.

దారి మీద ఉప్పు వెన్నెలలా పరుచుకుంది. మేకపోతు ఆ తెల్లదనాన్ని గిట్టకు తగలనివ్వకుండా ఒక్కొక్క అడుగే ఎత్తి వేస్తూ దాటింది. ఉప్పును చూసి నాలుక చాపని మేక ఉండదని ఏ కాపరినడిగినా చెబుతాడు. కేయూరుడు మేకలను వంటశాలలో తప్ప చూడలేదు. "శుభ్రమైనదానివే," అని మెచ్చుకుని ముందుకు సాగాడు.

మూడో తడిక దగ్గర ఆగి, గుర్తుచేసుకుని, మోకు తగిలించి మరీ మూశాడు. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు కూడా. మేక అప్పటికే లోపల ఉంది.

పడమటి వాలు మీద చెట్లు లేవు. మోకాలెత్తు గడ్డి, గాలికి ఒకవైపు బంగారంగా, ఒకవైపు వెండిగా తిరగబడుతోంది. అలసట ఒళ్ళంతా తేనెలా పాకింది. ఒక్క క్షణం కూర్చుంటాననుకున్నాడు. కూర్చున్నాడో, ఒరిగాడో తెలియదు. కిరీటం తలమీద వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో తీసి పెట్టినట్టు. సభ నిండా మంత్రులు. సింహాసనం ముందు, మెట్ల కింద, మేఖల చాప మీద పడుకుని ఉంది. అతను అందరికీ చేయెత్తి సైగ చేస్తున్నాడు: మెల్లగా మాట్లాడండి, మెల్లగా, లేస్తుంది. మంత్రులు పెదవులు మాత్రమే కదుపుతూ అతన్ని పొగుడుతున్నారు. అంత మంచి నిశ్శబ్దం అతను ఎన్నడూ ఎరగడు.

మెలకువ వచ్చేసరికి ముఖం మీద చల్లటి నీడ ఉంది. మేకపోతు అతనికి ఎండ తగలకుండా అడ్డంగా నిలబడి ఉంది. దాని కాళ్ళ సందుల్లోంచి సూర్యుడు ఎర్రగా, చాలా కిందికి కనిపించాడు.

కేయూరుడు అరుస్తూ లేచాడు. మిగిలిన చుట్టును దారిన పోకుండా రాళ్ళమీద ఎగబాకాడు. గోళ్ళు చిట్లాయి. ఒకచోట పట్టుకున్న రాయి ఊడి చేతిలోకి వచ్చింది. ఒక కాలు గాల్లో ఆడుతుండగా వేరును పళ్ళతో పట్టుకుని వేలాడి, పైకి దొర్లాడు.

శిఖరం అతను ఊహించినట్టు మొనదేలి లేదు. ఇంటి పెరడంత చదునైన బండ. నాలుగు దిక్కులా రాజ్యాలు, నదులు, అడవులు, అన్నీ సంధ్యలో ముంచి ఆరేసిన చీరల్లా పరుచుకుని ఉన్నాయి. బండ మధ్యలో దొన. పళ్ళెమంత వెడల్పు, జానెడు లోతు. ఆకాశంలో చుక్కలా తిరుగుతున్న గద్ద నీళ్ళలో ఈక ఈకగా కనిపిస్తోంది. ఉన్న ప్రపంచం కంటే ఆ నీటిలోని ప్రపంచం స్పష్టంగా ఉంది. అది మేఖల చూపు. ఆమె దేన్నీ సగం చూడదు.

అతను వంగాడు. తన ముఖం కనిపించింది. అలసట ఉంది, భయం ఉంది. వాటి వెనక ఇంకేదో కొంచెం ఆశలాంటిది కూడా ఉంది. దేనిమీద ఆశో తెలిసిపోకముందే చూపు తిప్పుకున్నాడు.

"ఎంత బాగా చూపిస్తుందో కదా!" అంది మేక.

దొనకు అవతల నిలబడి ఉంది. దాని కళ్ళలో అడ్డగీత గిర్రున తిరిగి నిలువుగీతైంది. నక్క కళ్ళు. చెప్పనక్కర్లేకుండానే కేయూరుడికి ఆ పేరు గుర్తొచ్చింది. జంబుకాక్షుడు! చెయ్యి నడుము దగ్గరికి పోయి ఖాళీగా తిరిగొచ్చింది.

"కత్తి జలగ కడుపులో ఉంది. కంగారుపడకు యువరాజా. నేను నిన్నేమీ చేయను. ఆ నీటి చుక్క తగిలితే నా ఒళ్ళు కాలిపోతుంది. నిన్ను తోశాననుకో, సరిగ్గా అందులోనే పడి, నా మీదికి చిందిస్తావు. నాకెందుకా గొడవ? రెండు మాటలు మాట్లాడుకుందాం."

"నాకు సమయం లేదు. ఎలా వచ్చావు నువ్వు?"

"చూశావా, ఇదీ ప్రశ్న. నువ్వు తెరిచిపెట్టిన రెండో తడికలోంచి వచ్చాను. మూసిన తలుపు దాటే మంత్రం నాకు రాదు. ముసలిదాని తడికైనా, మీ కోట తలుపైనా ఒకటే. మరి రాజకుమారి గదిలోకి ఎలా వచ్చానో ఇరవై ఒక్క రోజుల్లో మీలో ఒక్కరైనా అడగలేదేం?"

కేయూరుడు తలెత్తాడు. సూర్యుడి కింది అంచు దూరపు కొండను తాకింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ పాచికలాడారు. మేఖల మూడు ఆటలూ గెలిచి, నిద్రొస్తోందని అతన్ని పంపేసింది. అతను వచ్చేశాడు. ఎప్పటిలాగే తలుపు వదిలేసి వచ్చేశాడు.

"తలుపు దగ్గర మాకందుడు ఉంటాడు. వాడు మూయాలి," అన్నాడు.

"మూయాలి. ఎక్కడికి పోయాడు?"

"తోటకు. మామిడిపళ్ళకు."

"ఎవరు పంపారు?"

"నేనే."

"తిన్నావా?"

కేయూరుడు మళ్ళీ సూర్యుడి వైపు చూశాడు.

"నీకు మామిడిపళ్ళు పడవు కదా యువరాజా. ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి."

"మేఖలకిష్టం."

"మూడాటలు ఓడిపోయి, నిద్రపోబోతున్న ఆమెకు పళ్ళు తెప్పించావన్నమాట! ఎంత ప్రేమ!" మేక గడ్డం కింది వెంట్రుకలు నవ్వుకు కదిలాయి. తర్వాత గొంతు మెత్తబడింది, నిజంగానే జాలిపడుతున్నట్టు. "నేను నిన్ను తప్పుపట్టడం లేదు. మనుషులు మరిచిపోతారు. కావాలని కాదు, మరిచిపోయానని ఒక్క మాట చెప్పు. నేను నమ్ముతాను. ఇకమీదట నువ్వు కూడా నమ్ముతావు. నేనిటే కొండ దిగి పోతాను."

సూర్యుడు సగమయ్యాడు. దొన అంచున వేలెడు మేర బండ తడిగా బయటపడింది. నీళ్ళు తగ్గుతున్నాయి.

నిజంగా మరిచిపోయానా? మాకందుణ్ణి పంపేటప్పుడు తన గొంతు ఎలా ఉందో గుర్తుచేసుకోబోయాడు. మామూలుగానే ఉంది. అంత మామూలుగా ఎందుకుంది? జవాబులు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. పళ్ళు మేఖలకే. వేసవి కదా, తోట గుర్తొచ్చింది. తలుపులు మూయడం నా పని కాదు. నాకేం తెలుసు, నువ్వక్కడ కాచుకుని ఉన్నావని? ప్రతి ఒక్కటీ నిజమే. ఏ ఒక్కటీ చాలడం లేదు. సరైన మాట ఇంకొకటి, వీటన్నిటి వెనక, దాదాపు నాలుక మీదికి వచ్చేసింది. అది చెప్పేస్తే తేలికపడిపోతాడు. చెప్పకుండా పోతే రెండు రోజులు నోరు విప్పే వీలు లేదు. ఉత్తరపు తడిక దగ్గర గంగులప్ప పేరడిగితే చెప్పలేడు. ఈ మేక పక్కనే నడుస్తూ దారి పొడవునా ఇదే ప్రశ్న అడుగుతుంది. ఏ మాటా అనలేడు.

దొనలో ఇక అరచెయ్యంత నీళ్ళున్నాయి. వాటిలో సూర్యుడి ఎర్రటి అంచు ఒక్కటే, గోరంత.

"చెప్పు," అంది మేక. "ఒక్క మాటే కదా."

చెప్పడానికి నోరు తెరిచిన కేయూరుడు, ఆ తెరిచిన నోటితోనే మోకాళ్ళ మీద వంగి, నీళ్ళను పుక్కిట పట్టి, పెదవులు బిగించాడు.